కొత్త పార్టీ పెడుతున్న మిత్రులకు, జిరాక్స్ షాపు నుంచి

అవినీతి లేని రాజకీయం తెస్తామంటూ పార్టీ పెడుతున్న మిత్రులకు నమస్కారం.

మీలో నలుగురు ఈమధ్య మా షాపుకు వచ్చారు. హైదరాబాద్‌లో ఒక మునిసిపల్ సర్కిల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్, ప్రింటింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. పార్టీ రిజిస్ట్రేషన్‌కి అఫిడవిట్లు కావాలని నమూనా తెచ్చి వంద కాపీలు తీయించుకున్నారు. కొత్త పార్టీకి ఓటరు జాబితాలో పేరున్న సభ్యులు కనీసం వంద మంది ఉండాలని, వేరే ఏ పార్టీలోనూ లేమని వాళ్లలో ఒక్కొక్కరూ ప్రమాణపత్రం ఇవ్వాలని ఎన్నికల సంఘం నిబంధన. మెషీన్ వేడెక్కి ఆగినప్పుడల్లా మీరు మాట్లాడుకున్నవి నా చెవిన పడ్డాయి. వద్దనుకున్నా వినపడేంత చిన్న షాపు నాది. "జనం విసిగిపోయి ఉన్నారు. మనం కనపడితే చాలు. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో 119 సీట్లలోనూ నిలబడదాం" అన్నారు మీలో పెద్దాయన.

అప్పుడు నేనేమీ అనలేదు. కౌంటర్ దగ్గర రాజకీయాలు మాట్లాడితే గిరాకీ దెబ్బతింటుంది. అందుకే ఈ ఉత్తరం. మీ ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. మీ లెక్క మీదే ఉంది.

జనం విసిగిపోయారన్నది నిజమే. రోజంతా నా ముందు కూర్చునేది ఆ జనమే. ఇంటి పన్ను పేరు మార్పిడి, ట్రేడ్ లైసెన్సు రెన్యువల్, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌లో తప్పు పడిన అక్షరం. ఫారం నింపి, కాగితాలు స్కాన్ చేసి, అప్‌లోడ్ చేసేదాకా మామూలుగానే ఉంటారు. చలానా కట్టాల్సిన ఫీజు స్క్రీన్ మీద కనపడుతూనే ఉంటుంది. అయినా కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించి అడుగుతారు, "లోపల ఎంత ఇయ్యాల్సొస్తదన్నా?" అని. ఎవరూ అడగకముందే వీళ్లే అడుగుతారు. బయటికి వచ్చాక ఆఫీసునీ, ప్రభుత్వాన్నీ, అన్ని పార్టీలనీ కలిపి తిడతారు. పోలింగ్ రోజు పోయి ఆ పార్టీలకే ఓటేస్తారు. ఒకే మనిషి ఈ రెండు పనులూ ఎలా చేస్తున్నాడో తేల్చుకోకుండా దయచేసి ఒక్క పోస్టర్ కూడా అచ్చు వేయించకండి.

మా షాపు పక్కన ఇడ్లీ బండి పెట్టే ఒకావిడ ఉంది. ఒకరోజు ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తున్నామని చెప్పి బండి, స్టవ్, సిలిండర్ లారీలో ఎక్కించుకుపోయారు. సాయంత్రం నా దగ్గరికొచ్చింది. ఇంట్లో రెండు బకెట్ల పిండి పొంగి పులిసిపోతోంది, రేపటికి పనికిరాదు. అప్లికేషన్ రాయమని అడుగుతుందేమో అనుకున్నాను. రాయమనలేదు. బస్తీలో తిరిగే ఒక పార్టీ కార్యకర్త నంబరు అడిగింది. నా ఫోన్‌తోనే చేసింది. అతను బుల్లెట్ బండి మీద వచ్చాడు, అక్కడే నిలబడి ఎవరికో ఫోన్ చేశాడు, "అక్కా, రేపు పొద్దున పోయి తెచ్చుకో" అన్నాడు. బండి వచ్చింది. సిలిండర్ రాలేదు. ఎంత ఖర్చయిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఒకసారి మాటల్లో మీలాంటి వాళ్ల సంగతి ఎత్తాను. నిజాయితీపరులు నిలబడితే ఓటేస్తావా అని. ఆమె చట్నీ గిన్నె కడుగుతూనే చెప్పింది. "మంచోళ్లే అన్నా, నేను కాదంటలేను. మరి పొద్దుగాల్ల బండి వోతే ఎవలకు ఫోన్ చెయ్యాలె?"

మిత్రులారా, పాత పార్టీల బలం డబ్బులో ఉందని మీరు అనుకుంటున్నారు. డబ్బు ఉంది, కాదనను. కానీ ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉంది, మీ దగ్గర లేదు. ఆ కార్యకర్త మంచివాడా కాదా అన్నది ఆమెకు అక్కర్లేదు. ఫోన్ ఎత్తుతాడు, అంతే. పోలీస్ స్టేషన్‌కి, ఉస్మానియాలో బెడ్డుకి, స్కూల్లో సీటుకి, చావుకి, పెళ్లికి, ప్రతిదానికీ ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషిని పోషించడానికే మిగతా అవినీతి అంతా. మీరు పై అంతస్తులో ఉన్న అవినీతి గురించి మాట్లాడతారు, ఆమె దాని కింది అంతస్తులో బతుకుతోంది. ఆమెకు అది అవినీతిలా కనపడదు, ఆసరాలా కనపడుతుంది.

ఇక్కడే మీకు దారి ఉందని నా నమ్మకం. వీధి వ్యాపారుల రక్షణకు పార్లమెంటు 2014లో ఒక చట్టం చేసింది. దాని 19వ సెక్షన్ చదవండి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి కాపీ ఇవ్వాలి. యజమాని అడిగితే పాడైపోయే సరుకును అదే రోజు, మిగతా సామాన్లను రెండు పనిదినాల్లో తిరిగి ఇచ్చేయాలి. పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు ఉండాలి. ఆమెకు గుర్తింపు కార్డు కూడా ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. ఆ కార్డు ఎందుకు పనికొస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. బుల్లెట్ బండి మీద వచ్చినతను చెప్పడు. చెబితే రెండోసారి ఆమె అతనికి ఫోన్ చేయదు.

పైరవీతో అయ్యే పనిని కాగితంతో చేసి చూపించడమే మీ పార్టీ పని కావాలి. ఉపన్యాసంలో కాదు, సర్కిల్ ఆఫీసు మెట్ల మీద. 19వ సెక్షన్ రాసి దరఖాస్తు పెట్టి, ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుని, రెండో రోజు బండి విడిపించుకొచ్చి, ఆ దరఖాస్తు కాపీ పక్క బండివాడికి ఇవ్వాలి. ఇందులో ఒక చిక్కుంది, దాచను. హక్కుగా వచ్చినదానికి జనం కృతజ్ఞత చూపించరు. ఎవరో ఫోన్ చేసి విడిపిస్తే జన్మంతా గుర్తుంటుంది, చట్టం ప్రకారం వస్తే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. కాబట్టి ఒక్క బండి విడిపించి ఫోటో దిగితే ఓటు రాదు. ఏళ్ల తరబడి అక్కడే కనపడితే వస్తుంది.

మీకు ఓపిక ఉందా అన్నదే నా అనుమానం. ఎందుకంటే ఈ ఊళ్లో మీరు మొదటివాళ్లు కారు.

లోక్‌సత్తా 1996లో ఉద్యమంగా మొదలై 2006 అక్టోబర్ 2న పార్టీ అయింది. జయప్రకాశ్ నారాయణ్ గారు ఐఏఎస్ వదిలేసి వచ్చిన మనిషి. ఆయన సమర్థత మీద గానీ నిజాయితీ మీద గానీ ప్రత్యర్థులు కూడా వేలెత్తి చూపలేదు. 2009లో ఈల గుర్తుకే నేనూ ఓటేశాను. ఆ ఎన్నికల్లో కూకట్‌పల్లి నుంచి ఆయనొక్కరే గెలిచారు. ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద పార్టీకి రెండు శాతం ఓట్లు కూడా రాలేదు. 2014లో మల్కాజిగిరి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. 2016లో పార్టీ ఎన్నికల పోటీ నుంచే తప్పుకుంది. గెలిచిన ఆ ఒక్క సీటు ఎక్కడిదో చూడండి. ఉద్యోగస్తులు, అపార్ట్‌మెంట్లు, కోచింగ్ సెంటర్లు ఎక్కువున్న చోటు. లోకల్ లీడర్ అవసరం పెద్దగా పడని ఇళ్లు అక్కడ ఎక్కువ. ఆ అవసరం ఉన్నచోట ఈల చప్పుడు వినపడలేదన్నది నా లెక్క. పదేళ్లు ఉద్యమం నడిపి, రాష్ట్రమంతా పేరున్న మనిషికే అట్లా అయింది.

అదే ఎన్నికల్లో ఏడాది కూడా నిండని ప్రజారాజ్యానికి 18 సీట్లు వచ్చాయి. అది సినిమా అభిమానం అని కొట్టిపారేయకండి. ఊరూరా అప్పటికే పదుల సంఖ్యలో మనుషులున్న అభిమాన సంఘాలు, రక్తదాన శిబిరాలు నడిపిన కుర్రాళ్లు. వాళ్లకు కనీసం బూత్‌లో కూర్చోవడానికి మనుషులున్నారు.

ఎన్టీఆర్ తొమ్మిది నెలల్లో అధికారంలోకి రాలేదా అని మీలో ఎవరో అన్నారు. ప్రతి కొత్త పార్టీ ఆఫీసులో ఈ మాట వినపడుతుంది. 1982 మార్చి 29న ఇక్కడే పార్టీ పుట్టింది, 1983 జనవరిలో లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం. నిజమే. కానీ దానికి ముందు ఐదేళ్లలో కాంగ్రెస్ ఢిల్లీ పెద్దలు నలుగురిని ముఖ్యమంత్రులుగా మార్చి మార్చి కూర్చోబెట్టారు. వాళ్లలో ఒకరైన అంజయ్య గారికి బేగంపేట విమానాశ్రయంలో జరిగిన అవమానం అప్పటికి ఇంటింటికీ తెలుసు. దాని మీద ఆత్మగౌరవం నినాదం, పక్కన కిలో రెండు రూపాయల బియ్యం. ఎన్టీఆర్ ముఖమా, ఏళ్ల తరబడి ప్రతి ఇంట్లో రాముడి పటంలో, కృష్ణుడి క్యాలెండర్‌లో ఉంది. అవినీతి మీద కోపం అందులో ఒక పాయ మాత్రమే. అలాంటి కాలం, అలాంటి మనిషి మీకు దొరికితే నా ఉత్తరం చించి పారేయండి.

మీకు దగ్గరి చుట్టం ఆమ్ ఆద్మీ పార్టీ. 2011లో అన్నా హజారే దీక్ష, మన ఇందిరా పార్కు దగ్గర కూడా కొవ్వొత్తులు, టోపీలు. 2012 నవంబర్‌లో పార్టీ. 2013 డిసెంబర్‌లో ఢిల్లీలో 70కి 28 సీట్లు, 49 రోజుల ప్రభుత్వం, అవినీతి ఫిర్యాదులు విచారించే జన్‌లోక్‌పాల్ బిల్లు సభలో పెట్టనివ్వలేదని రాజీనామా. 2015లో 67, 2022లో పంజాబ్‌లో 117కి 92. చూడ్డానికి అవినీతి మీద పోరాటమే గెలిపించినట్టు ఉంటుంది. కానీ ఆ పార్టీ బస్తీల్లోకి వెళ్లింది కరెంటు బిల్లులు, నీళ్ల బిల్లులు పట్టుకుని. లోక్‌పాల్ అనే మాటను "నీ బిల్లు ఎందుకు ఇంత వచ్చింది" అనే ప్రశ్నగా మార్చారు. తర్వాత మొహల్లా క్లినిక్కులు, స్కూళ్లు, 200 యూనిట్ల ఉచిత కరెంటు. మీ నలుగురి సంభాషణలో బిల్లు అనే మాట నాకు వినపడలేదు. వ్యవస్థ అన్నది మాత్రం చాలాసార్లు వినపడింది.

అదే పార్టీ 2025 ఫిబ్రవరిలో 22 సీట్లకు పడిపోయింది. కేజ్రీవాల్ గారు సొంత సీటు పోగొట్టుకున్నారు. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. మద్యం విధానం కేసులో అరెస్టులు హైదరాబాద్ దాకా వచ్చాయి కాబట్టి మనకు ఆ కథ కొత్త కాదు. కోర్టుల్లో ఏం తేలినా సరే, ఓటరు దగ్గర లెక్క వేరు. పాత పార్టీ మీద కేసు పడితే "అందరూ అంతేగా" అంటాడు. మీ మీద పడితే "మీరూ అంతేనా" అంటాడు. మొదటి మాటకు ఓటు పోదు, రెండో మాటకు పోతుంది. నిజాయితీ ఒక్కటే పెట్టుబడిగా వచ్చినవాడికి మొదటి నష్టంతోనే దుకాణం మూతపడుతుంది. అందుకే దాంతోపాటు ఇంకేదైనా చేతిలో ఉండాలని నేననేది.

ఒకటి గుర్తొచ్చింది. గెలవకుండానే పాత పార్టీలను వణికించిన వాళ్లు మన దగ్గరే ఉన్నారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన నల్లగొండ జనం లోక్‌సభ సీటుకు 480 మందిని నిలబెట్టారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, ఎన్నికే వాయిదా పడింది. లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది ఆ సంవత్సరమే. 2019లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పసుపు బోర్డు కావాలని, మద్దతు ధర కావాలని నామినేషన్లు వేశారు. అక్కడ పోటీ చేసిన అప్పటి ముఖ్యమంత్రి కూతురు ఓడిపోయింది. బోర్డు ఆలస్యంగానే, 2025 జనవరిలో వచ్చింది. వాళ్లెవరూ వ్యవస్థను మారుస్తామనలేదు. నీళ్లు అడిగారు, బోర్డు అడిగారు. అడిగింది ఏమిటో ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉంది. మీ కరపత్రం కూడా నేనే ప్రింట్ తీశాను కదా, ఎనిమిది పేజీలు. మీరు అడుగుతున్నది ఏమిటో నాకు అంతుపట్టలేదు.

ఇంకో సంగతి, కొంచెం కటువుగా ఉంటుంది. "బస్తీవాళ్లు ఐదొందలకి, బిర్యానీకి ఓటమ్ముకుంటారు, మన టార్గెట్ చదువుకున్నవాళ్లు" అన్నారు మీలో ఒకాయన. ఓటుకు డబ్బు సంగతి నేను కప్పిపుచ్చను. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు మాకు కవర్లు అందలేదని ఓటర్లు రోడ్డెక్కిన వార్తలు అందరం చూశాం. కానీ చదువుకున్నవాళ్ల కాగితాలు కూడా నా స్కానర్ మీదుగానే పోతాయి. ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌లో చూపించే విలువ ఒకటి, చేతులు మారే డబ్బు ఇంకొకటి. పార్కింగ్ కోసం వదిలిన సెల్లార్‌లో షాపులు, పర్మిషన్ లేని పెంట్‌హౌస్, క్రమబద్ధీకరణ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపులు. ఇవన్నీ అసోసియేషన్ మీటింగులో ముందు వరసలో కూర్చునేవాళ్ల ఫైళ్లు. ఇడ్లీ బండావిడ ఐదొందలు తీసుకుంటే అవినీతి, బిల్డర్ ఒక అంతస్తు ఎక్కువ వేస్తే డెవలప్‌మెంటా? ఈ తేడా బస్తీవాళ్లకు బాగా తెలుసు. మీరు ఆ గొంతుతో మాట్లాడిన రోజే వాళ్లు మీ ముందు తలుపు వేసేస్తారు.

పైగా ఆ చదువుకున్నవాళ్లు పోలింగ్‌కే రారు. 2020 డిసెంబర్‌లో మన నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 47 శాతం కూడా దాటలేదు. సెలవిచ్చినా రాలేదు.

అవినీతిని చట్టంతో కడిగేస్తామన్న మాట కూడా కొంచెం ఆగి అనండి. చట్టాలకు కొదవ లేదు. ఇంటి అనుమతుల కోసం 2020లో టీఎస్ బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు, 600 గజాల లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. మంచి ఏర్పాటు, నా కళ్లతో చూశాను, కొన్ని చేతులు తడపాల్సిన పని తగ్గింది. అదే ఏడాది గ్రామాల్లో వీఆర్వో పోస్టులు ఎత్తేశారు, అవినీతి పోతుందన్నారు. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. మధ్యలో ఉన్న ఐదేళ్లు లంచం సెలవు తీసుకోలేదు, మనిషి మారాడంతే. ఇక లంచం ఇవ్వడం కూడా నేరమేనని, బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలని 2018లో చట్టం సవరించారు. ఏసీబీ నంబరు 1064 అని ఆఫీసు గోడ మీదే ఉంటుంది. దాని కిందే నిలబడి జనం నన్ను ఎంతివ్వాలని అడుగుతారు. సమాచార హక్కు వాడమందామంటే, తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేకుండా ఉండిపోయింది. ఇలాంటివి పట్టుకుని నెలనెలా రోడ్డెక్కే పార్టీ ఒకటి ఉంటే బాగుండేది. అప్పీళ్లు పెట్టుకున్నవాళ్ల పేర్లన్నీ అక్కడే ఉన్నాయి, మీ మొదటి సభ్యులు వాళ్లే అవుతారు.

ఇంతకీ పాత పార్టీలకు మీరు పోటీ ఇవ్వగలరా అంటే, 119 సీట్లలో నిలబడితే ఇవ్వలేరు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రావాలి. ఒక్కో నియోజకవర్గంలో దాదాపు మూడు వందల బూత్‌లు. పోలింగ్ రోజు తెల్లవారుజామున ఐదున్నరకే మాక్ పోల్ మొదలవుతుంది. కనీసం యాభై ఓట్లు వేసి చూపించి, చెరిపేసి, సీలు వేస్తారు. అప్పటికి మీ ఏజెంట్ అక్కడ ఉండాలి, సాయంత్రం మెషీన్ సీలు చేసేదాకా కదలకూడదు, ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన 17సీ ఫారం చేతికి తీసుకుని రావాలి. ఓటరు చనిపోయాడా, ఇల్లు మారాడా, దొంగ ఓటా అన్నది ముఖం చూసి చెప్పగలిగినవాడే ఏజెంట్. అలాంటివాళ్లు ఒక్క నియోజకవర్గానికి మూడు వందల మంది కావాలి. మీ దగ్గర ప్రస్తుతం రాష్ట్రం మొత్తానికి వంద మంది ఉన్నారు, అదీ అఫిడవిట్ల మీద.

డబ్బు మాటకొస్తే, అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఈ తలుపు తెరిచి ఉన్నంతకాలం డబ్బులో మీరు వాళ్లతో సరితూగరు, ప్రయత్నించకండి కూడా. ఎవరో పెద్దాయన దొరికాడు, మొత్తం ఆయనే చూసుకుంటాడన్న రోజు మీకూ వాళ్లకూ తేడా ఉండదు. వందా రెండొందల చొప్పున చందాలు తీసుకోండి, ప్రతి నెలా లెక్క రాసి బస్టాపులో అంటించండి. పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక ఎవరికి ఎంత వచ్చిందో దేశమంతా చూసింది. అయినా ఆ తర్వాత ఏ పార్టీ ఇలా గోడ మీద లెక్క అంటించడం నేను చూడలేదు. ఆ పని మీరు చేస్తే పెద్ద పెద్ద హోర్డింగులు చేయలేని పని అది చేస్తుంది.

వార్డు నుంచి మొదలుపెట్టండి. చుట్టుపక్కల 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిశాక డివిజన్లు 150 నుంచి 300 అయ్యాయి. పాత డివిజన్లు చిన్నవయ్యాయి, పాత నాయకుల లెక్కలు కలగాపులగం అయ్యాయి. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి అదను రాదు. నగరం ఓటు మనం అనుకున్నంత పాతుకుపోయింది కూడా కాదు. బీజేపీ 2016లో నాలుగు డివిజన్లు గెలిచి, 2020లో 48కి చేరింది. వాళ్లకు ముందునుంచీ మనుషులున్నారన్నది నిజమే, కానీ ఓటరు కదులుతాడని అయితే తెలిసింది కదా. ఐదారు డివిజన్లు ఎంచుకోండి. ప్రతిదాంట్లో ఒక టేబుల్, రెండు కుర్చీలు, దరఖాస్తు రాయగలిగే ఒక మనిషి, ఎప్పుడు చేసినా ఎత్తే ఒక ఫోన్ నంబరు. రెండేళ్లు ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవాడికే టికెట్. రిటైరైన అధికారికో, టీవీలో కనపడే ప్రొఫెసర్‌కో ఇవ్వకండి. సీబీఐలో పెద్ద పేరు తెచ్చుకున్న లక్ష్మీనారాయణ గారు 2019లో విశాఖ లోక్‌సభకు వేరే పార్టీ తరఫున, 2024లో సొంత పార్టీ పెట్టుకుని అసెంబ్లీకి పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయారు. పేరు జనానికి తెలిసినంత మాత్రాన జనం తలుపు తీయరు.

ఎన్నికలు లేనప్పుడు మాయమయ్యే పార్టీల సంగతి ఎన్నికల సంఘమే తేల్చేస్తోంది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334 పార్టీలను జాబితా నుంచి తీసేసింది. ఆ 334లో ఎన్ని పార్టీలు మీలాగే మంచి ఉద్దేశంతో పుట్టాయో!

చివరగా, మా కౌంటర్ దగ్గర కొత్త పార్టీ పేరెత్తితే జనం అడిగే మొదటి ప్రశ్న అవినీతి గురించి కాదు. "గెల్చినంక ఎందులో కలుస్తరు?" అని. అది వెటకారం కాదు, అనుభవం. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసింది. 2021లో ఇక్కడే పుట్టిన వైఎస్సార్ తెలంగాణ పార్టీ 2024 జనవరిలో అదే కాంగ్రెస్‌లో కలిసింది. 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది గంపగుత్తగా టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. 2023 తర్వాత గాలి ఎదురు తిరిగింది. టీఆర్‌ఎస్సే పేరు మార్చుకుని అయిన బీఆర్‌ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి పోయిన పదిమంది ఎమ్మెల్యేల మీద ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. అన్ని పార్టీలూ ఇచ్చినవాళ్లే, అన్ని పార్టీలూ పుచ్చుకున్నవాళ్లే. తను వేసిన ఓటు తనను అడగకుండానే ఇంకో కండువా కప్పుకోవడం ఓటరు ఇన్నిసార్లు చూశాక, లంచం తీసుకునేది లేదని మీరు చేసే ప్రమాణానికి ఏం విలువ కడతాడు?

పార్టీ నియమావళిలో విలీనం ఎలా చేస్తారో, పార్టీ రద్దు ఎలా చేస్తారో రాయాలని ఎన్నికల సంఘమే అడుగుతుంది. మీ ముసాయిదాలో ఆ అధికారం మొత్తం రాష్ట్ర కార్యవర్గం చేతిలో పెట్టారు. ఈ ఒక్కటి ఇప్పుడే మార్చండి. డివిజన్ స్థాయి సభ్యులందరూ రహస్య ఓటు వేసి ఒప్పుకుంటే తప్ప పార్టీని దేనిలోనూ కలపకూడదని రాయండి. నామినేషన్ వేసే ముందు ఆ ఒక్క పేజీని మీ డివిజన్‌లో ఇంటింటికీ పంచండి, ఎనిమిది పేజీల కరపత్రం తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనరు,
హైదరాబాద్